డిప్లొమాకి అడ్డంగా అయిదు పరీక్షలు

ఏటా వసంతంలో టెక్సస్‌లోని ఫ్రిస్కో మిడిల్ స్కూళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలు చాలామంది ఆల్జీబ్రా వన్ పరీక్ష రాస్తారు. కొందరు ఏడులోనే కానిచ్చేస్తారు. ఇంటికొచ్చాక "ఎలా రాశావే?" అని అమ్మ అడిగితే "ఈజీ" అన్న ఒక్క ముక్కతో ఆ విషయం ముగిసిపోతుంది. ఆ పరీక్ష గట్టెక్కకపోతే నాలుగేళ్ళ తర్వాత హైస్కూలు డిప్లొమా రాదన్న సంగతి ఆ పిల్లకి తెలియదు. చాలా ఇళ్ళలో తల్లిదండ్రులకీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకి రాదు కూడా.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. టెక్సస్‌లో ప్రభుత్వ హైస్కూలు నుంచి పట్టా పుచ్చుకోవాలంటే క్లాసులన్నీ పాసైతే చాలదు. ఆల్జీబ్రా వన్, ఇంగ్లీష్ వన్, ఇంగ్లీష్ టూ, బయాలజీ, అమెరికా చరిత్ర, ఈ అయిదింటిలోనూ రాష్ట్రం పెట్టే 'స్టార్' పరీక్షలు పాసవాలి. కోర్సు పూర్తయ్యాక రాసేవి కాబట్టి వీటిని ఈఓసీలంటారు. వసంతంలో తప్పితే వేసవిలో, అదీ తప్పితే డిసెంబరులో మళ్ళీ రాసుకోవచ్చు.

ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడిలో ప్రసాదం పళ్ళాలు పట్టుకుని నిలబడ్డ నలుగురు తెలుగు తల్లిదండ్రుల మాటలు వినండి. జీపీఏ, ఏపీ క్లాసులు, ఎస్‌ఏటీ, క్లాసు ర్యాంకు తప్ప ఈఓసీ ఊసు రాదు. రాకపోవడం సబబే. మన పిల్లలకి అసలు గండం వేరేచోట ఉంది. 1997లో వచ్చిన చట్టం ప్రకారం హైస్కూల్లో మొదటి పది శాతంలో నిలిచినవాళ్ళకి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం. ఒక్క టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆస్టిన్ క్యాంపస్‌కి మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ ఆ హద్దు ఆరు శాతానికి దిగి, 2026లో చేరేవాళ్ళకి అయిదు శాతమైంది. ఒకే బడిలో వందలమంది చురుకైన పిల్లలు ఆ అయిదు శాతం కోసం పోటీపడే ఊళ్ళో, పాస్ మార్కు ఎక్కడుందో ఎవరు పట్టించుకుంటారు?

అందుకే "హైస్కూలు డిప్లొమాకి పరీక్ష పెట్టాలా?" అని మనవాళ్ళని అడిగితే తడుముకోకుండా "పెట్టాలి కదండీ మరి" అంటారు. పరీక్ష లేకుండా పట్టా ఇవ్వడమేమిటన్నది మన పెంపకంలోనే లేదు. హాల్ టికెట్ జేబులో పెట్టుకుని, వేరే ఊరి బడిలో సెంటర్ పడితే బస్సెక్కి వెళ్ళి టెన్త్ రాసినవాళ్ళం. ఈ నమ్మకాన్ని వెటకారం చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ నలభై ఏళ్ళ టెక్సస్ అనుభవాన్నీ, మిగతా అమెరికా అనుభవాన్నీ, మన సొంత అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నమ్మకం నిలబడడం కష్టం.

టెక్సస్‌లో ఈ షరతుకి దారి తీసినవాళ్ళలో ముఖ్యుడు ఈ ప్రాంతపువాడే, రాస్ పెరో. ఫ్రిస్కోకి దక్షిణాన ప్లేనోలో లెగసీ ప్రాంతాన్ని లేపింది ఆయన స్థాపించిన ఈడీఎస్ కంపెనీయే. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎంతమంది ఆ అద్దాల భవనాల్లో తొలి ప్రాజెక్టులు చేశారో! 1983లో గవర్నర్ మార్క్ వైట్ బడుల సంస్కరణ సంఘానికి పెరోని అధ్యక్షుణ్ణి చేశాడు. మరుసటేడు హౌస్ బిల్ 72 వచ్చింది. క్లాసులో తప్పితే ఫుట్‌బాల్ ఆడనివ్వకూడదన్న నియమం అందులోదే, అప్పట్లో గగ్గోలంతా దాని మీదే లేచింది. చప్పుడు చెయ్యకుండా వచ్చినది మరొకటుంది: 1987లో బయటికి వెళ్ళే బ్యాచ్ నుంచి, పరీక్ష పాసవకపోతే డిప్లొమా లేదు. ఆ తర్వాత పరీక్ష పేరు టీమ్స్ నుంచి టాస్‌కి, టాస్ నుంచి టాక్స్‌కి, 2012లో స్టార్‌కి మారుతూ వచ్చింది. షరతు మాత్రం అలాగే ఉండిపోయింది.

షరతు ఉన్నా పాస్ గీత ఎక్కడ గీశారన్నది చూడాలి. ఆల్జీబ్రా వన్‌లో డిప్లొమాకి కావలసిన స్కోరు 3550. ఆ తరగతి స్థాయి గణితం వచ్చినట్టేనని రాష్ట్రం తనంతట తాను ఒప్పుకునే స్కోరు 4000. అంటే పిల్లవాడికి ఆ సబ్జెక్టు సరిగ్గా రాలేదని తెలిసే డిప్లొమాకి సరిపోతుందంటున్నారు. ప్రశ్నల లెక్కలో ఈ 3550 సగం కన్నా బాగా కిందే పడుతుంది. మన టెన్త్‌లో నూటికి ముప్పై అయిదు, హిందీకైతే ఇరవై చాలు. రెండు దేశాలూ ఒకరి పుస్తకం ఒకరు చూడకుండానే ఇంచుమించు ఒకే చోట గీత గీశాయి. కారణం కూడా ఒకటే. గీతని నిజంగా చదువు వచ్చిందనిపించే చోటికి జరిపితే లక్షలమంది కింద పడతారు, ఏ ప్రభుత్వమూ తట్టుకోలేదు. ఎవరూ పడనంత కిందికి దించితే ఆ పరీక్ష పాసయ్యాడన్న మాటకి విలువ ఉండదు. నడిమధ్యన ఎక్కడో గీస్తే అటు విలువా రాదు, ఇటు కొందరు పడుతూనే ఉంటారు. ఆ పడే కొందరు ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న కోర్టులకి ఎప్పుడో ఎక్కింది. ఫ్లోరిడాలో 1970ల చివర ఇలాంటి పరీక్ష పెడితే నల్లజాతి పిల్లల తరఫున దావా వేశారు. వాళ్ళు చిన్నతరగతులు చదివింది వేరుచేసిన బడుల్లో. డెబ్రా పి. కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో కోర్టు డిప్లొమా షరతుని కొన్నేళ్ళు ఆపింది. బడిలో చెప్పినదే అడగాలి, ముందుగా తెలియజెయ్యాలి అని 1981లో అప్పీలు కోర్టు తేల్చింది. నేటికీ అమెరికాలో ఈ పరీక్షలకి అదే కొలబద్ద. టెక్సస్ మీద మెక్సికన్ అమెరికన్ సంఘాలు 1997లో దావా వేశాయి. 2000 జనవరిలో శాన్ ఆంటోనియోలో జడ్జి ఎడ్వర్డ్ ప్రాడో తీర్పు చెప్పాడు. నల్లజాతి, హిస్పానిక్ పిల్లలే ఎక్కువగా తప్పుతున్నారన్నది నిజమేనన్నాడు, అయినా పరీక్షకి విద్యాపరమైన అవసరం ఉందంటూ దాన్ని నిలబెట్టాడు.

నష్టం నిజమేగాని అవసరం ఉందంటే, ఆ అవసరం తీరిందా అని చూడాలి కదా. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2011లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి చూసింది. డిప్లొమాకి ముడిపెట్టిన ఇలాంటి ఎగ్జిట్ పరీక్షలున్న చోట పట్టా పుచ్చుకునేవాళ్ళు సుమారు రెండు శాతం పాయింట్లు తగ్గారు, చదువు మాత్రం పెరగలేదు. కాలిఫోర్నియా మీద స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు షాన్ రియర్డన్ బృందం చేసిన పని కూడా దాదాపు అదే చెప్పింది. వెనకబడ్డ పిల్లల్లో ముఖ్యంగా మైనారిటీలూ ఆడపిల్లలూ డిప్లొమా కోల్పోయారు, మార్కులు పెరిగిన జాడ లేదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచినది డేమన్ క్లార్క్, పాకో మార్టొరెల్ 2014లో ప్రచురించిన అధ్యయనం. అందులో టెక్సస్ లెక్కలున్నాయి. ఆఖరి ప్రయత్నంలో ఒకటి రెండు మార్కులతో గట్టెక్కినవాళ్ళని, అంతే తేడాతో తప్పినవాళ్ళని తీసుకున్నారు. చదువులో ఇద్దరూ సమానులే, తేడా కాగితం ముక్కదే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళ సంపాదనలు పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. జీతమిచ్చేవాడు ఆ కాగితం చూసి వెలకట్టడం లేదన్నమాట.

ఇది రెండువైపులా కోసే వాదన, ఒప్పుకోవాలి. కాగితానికి విలువ లేకపోతే అది దక్కనివాడికి నష్టమేముందని అడగవచ్చు. సంపాదన సగటులో కనపడని నష్టాలున్నాయి. డిప్లొమాగానీ, దానికి బదులుగా రాసే జీఈడీగానీ లేకపోతే కాలేజీకి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం అందడం కష్టం. సైన్యంలో చేరడం కష్టం. పన్నెండేళ్ళు బడికెళ్ళి, అన్ని క్లాసులూ పాసై, తోటివాళ్ళు ఫోర్డ్ సెంటర్‌లో టోపీలు ఎగరేస్తుంటే ఇంట్లో కూర్చునే పిల్లవాడికి జరిగేది ఏ పట్టికలోకీ ఎక్కదు.

పరీక్షని వదులుకున్న రాష్ట్రాలు ఇదంతా చదివి వదులుకున్నాయని నేననుకోను. 2000ల దశకంలో సగానికి సగం రాష్ట్రాల్లో ఈ షరతు ఉండేది. ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కాలిఫోర్నియా 2015లో నిలిపేసి, 2017లో చట్టం నుంచే తీసేసింది. మసాచుసెట్స్‌లో 2003 బ్యాచ్ నుంచి అమలైన షరతుని 2024 నవంబరులో ఓటర్లే రద్దు చేశారు. టీచర్ల సంఘం అటు, గవర్నర్ ఇటు నిలబడితే నూటికి సుమారు 59 మంది టీచర్ల వైపు మొగ్గారు. దేశంలో చదువుకి మొదటి పేరు చెప్పుకునే రాష్ట్రం అది, కాబట్టి "పరీక్ష వల్లే పైకొచ్చింది" అనే వాదనకి అక్కడే బలం ఎక్కువ. ఆ వాదన ఓడిపోయింది. 1878 నుంచి హైస్కూల్లో రీజెంట్స్ పరీక్షలు పెడుతున్న న్యూయార్క్ కూడా 2027-28 నుంచి ఆ షరతు సడలించడానికి నిర్ణయించుకుంది.

టెక్సస్ మాత్రం వదల్లేదు. కానీ ఇక్కడ జరిగిన సడలింపుల వరస చూస్తే ఎవరి మాట ఎంత త్వరగా చెల్లుతుందో తెలుస్తుంది. స్టార్ మొదలుపెట్టినప్పుడు ఈఓసీలు అయిదు కావు, పదిహేను. పైగా ఆ పరీక్ష మార్కు కోర్సు గ్రేడులో పదిహేను శాతం కలవాలన్నారు. అంటే జీపీఏ మీద, ర్యాంకు మీద, ఆస్టిన్ సీటు మీద దెబ్బ. సబర్బన్ తల్లులు కదిలారు. టామ్సా అని సంఘం పెట్టుకుని రాష్ట్ర రాజధానికి వెళ్ళి కూర్చున్నారు. మొదటి పరీక్షలు 2012లో, 2013లో హౌస్ బిల్ 5. పదిహేను అయిదయ్యాయి, పదిహేను శాతం నియమం పోయింది. ఒక్క శాసనసభ సమావేశంలో పని జరిగిపోయింది. అంతకుముందు పాతికేళ్ళు రియో గ్రాండే లోయలో, హ్యూస్టన్, డాలస్ నడిబొడ్డున పిల్లలు తప్పుతూ వచ్చినప్పుడు ఎవరికీ ఇంత తొందర పుట్టలేదు.

వాళ్ళకోసం వచ్చిన సడలింపు 2015లో, సెనేట్ బిల్ 149. అయిదింటిలో రెండు దాకా తప్పిన పిల్లలకి బడిలో ఒక కమిటీ కూర్చుంటుంది. ప్రిన్సిపాల్, ఆ సబ్జెక్టు టీచరు, ఆ విభాగం పెద్ద, తల్లి గానీ తండ్రి గానీ. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఫైలు. ఫైల్లో గ్రేడులు, హాజరు, ఎస్‌ఏటీ రాసి ఉంటే ఆ స్కోరు, తప్పిన సబ్జెక్టులో పిల్లవాడు చేసిన ప్రాజెక్టో పోర్ట్‌ఫోలియోనో ఉంటాయి. నలుగురూ ఏకగ్రీవంగా సరేనంటేనే డిప్లొమా. మొదట తాత్కాలికమన్నారు, పొడిగిస్తూ వచ్చారు, 2021లో గడువు తీసేసి శాశ్వతం చేశారు. నా దృష్టిలో ఈ కమిటీ చేసేదే అసలైన మూల్యాంకనం. నాలుగేళ్ళ చదువుని, ఆ పిల్లవాడిని ఎరిగిన మనుషులు ఎదురుగా కూర్చుని తూస్తారు. అది తప్పినవాళ్ళకి మాత్రమే జరగడం విడ్డూరం. పాసైనవాళ్ళని ఎవరూ అంత శ్రద్ధగా చూడరు.

ఇక మన సంగతి. మన టెన్త్, ఇంటర్ల మీద నాకున్న గౌరవంలో సగం 2019 ఏప్రిల్‌లో పోయింది. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మూడు లక్షల పైచిలుకు ఫెయిలయ్యారు. ఫలితాలని కంప్యూటర్‌లోకి ఎక్కించిన తీరులో తప్పులు దొర్లాయి, తొంభై తొమ్మిది వచ్చిన చోట సున్నా పడింది. పత్రికల లెక్కన ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ఫెయిలైన అందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ తనిఖీ చేయిస్తే వెయ్యిమందికి పైగా పాసైనట్టు తేలింది. తప్పు దిద్దారు, కానీ ఒక్క కాగితం మీద జీవితం ఆధారపడ్డచోట దిద్దుబాటు కొందరికి అందే లోపే ఆలస్యమైపోతుంది. టెక్సస్ కూడా 2023 డిసెంబరు నుంచి వ్యాసాలనీ, రాత జవాబులనీ ఎక్కువగా యంత్రం చేత దిద్దిస్తోంది. నాలుగింట ఒక వంతు మాత్రమే మనిషి చేతికి వెళుతుంది. ఇంగ్లీష్ వన్, టూ డిప్లొమాకి ముడిపడ్డవి కాబట్టి ఈ పోలిక నన్ను కలవరపెడుతుంది.

ఆ ఇంటర్ ఫలితాల గందరగోళం జరిగిన మరుసటేడు కోవిడ్ వచ్చి, ఎవరూ కోరని ప్రయోగం ఒకటి చేసి చూపించింది. 2020లో తెలంగాణ టెన్త్ పిల్లలు 5.34 లక్షలమందినీ ఇంటర్నల్ మార్కుల మీద పాస్ చేసింది, ఆంధ్ర కూడా పరీక్షలు రద్దు చేసింది. టెక్సస్‌లో గవర్నర్ ఆ వసంతం స్టార్ మాఫీ చేశాడు. ఆకాశం ఊడిపడలేదు. వాళ్ళంతా తర్వాతి చదువులకి వెళ్ళారు, తట్టుకున్నవాళ్ళు తట్టుకున్నారు.

పరీక్ష పక్షాన ఉన్న గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటెయ్యకూడదు. బయటివాళ్ళు పెట్టే పరీక్ష లేకపోతే బడి తన మార్కులు తానే వేసుకుంటుంది. మన కార్పొరేట్ కాలేజీల, చిన్న బడుల ఇంటర్నల్స్ ఎలా పడతాయో మనకి తెలుసు, చెయ్యి తిరిగినవాడికి ఇరవైకి ఇరవై వెయ్యడం ఎంతసేపు? అమెరికాలోనూ గ్రేడులు ఏటా ఉబ్బుతున్నాయి. బయటి పరీక్ష లేకపోతే చదువు చెప్పని బడి బయటపడదు, నష్టపోయేది పేద పిల్లలే. ఇది నిజం. అయితే ఈ నిజం పరీక్ష ఉండాలని చెబుతుంది, డిప్లొమాకి తాళం వెయ్యాలని చెప్పదు. టెక్సస్‌లో 2021 చట్టం ప్రకారం స్టార్ తప్పిన పిల్లకి ఆ సబ్జెక్టులో ముప్పై గంటల అదనపు బోధన జిల్లా ఇచ్చి తీరాలి. 2023లో కొన్ని సందర్భాల్లో దాన్ని పదిహేనుకి తగ్గించారు. పరీక్ష వల్ల బడికి పని పెరిగింది, పిల్లకి సాయం దొరికింది. ఈ మేలుకి డిప్లొమా ఆపడంతో పనేలేదు.

ఫ్రిస్కోలో ఈ తాళం తగిలే మనవాళ్ళు అసలు లేరా అంటే ఉన్నారు, తక్కువ. కూకట్‌పల్లిలో టెన్త్ పాసై, నాన్నకి ట్రాన్స్‌ఫరైతే పదకొండులో వచ్చి చేరిన అబ్బాయిని తీసుకోండి. కౌన్సెలర్ అతని మెమో ముందు పెట్టుకుని ఏది దేనికి సమానమో లెక్కవేస్తారు. బయటి దేశంలో క్రెడిట్ వచ్చిన కోర్సుకి ఈఓసీ రాయక్కర్లేదు, కాబట్టి ఆల్జీబ్రా, బయాలజీ గట్టెక్కవచ్చు. అమెరికా చరిత్రకి మెమోలో చోటు లేదు. 1877 తర్వాతి చరిత్ర, గిల్డెడ్ ఏజ్ దగ్గర మొదలై న్యూ డీల్, పౌరహక్కుల ఉద్యమం దాకా ఒక్క ఏడాదిలో నేర్చుకుని రాయాలి. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చే పిల్లవాడు వలసల చట్టాల ప్రశ్న దగ్గర తెల్లమొహం వేస్తాడు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్న పిల్లలకి వేరే కమిటీ ఉంది, ఆ తల్లిదండ్రులకి ఈఓసీ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడి దగ్గర మాటల్లో ఈ ఇళ్ళు వినపడవు. వాళ్ళు చెప్పుకోరు, మనం అడగం.

ఈ ముడి విప్పడానికి టెక్సస్‌కి 2025లో మంచి అవకాశం వచ్చింది. స్టార్ మీద విసుగు రెండు పార్టీల్లోనూ పేరుకుని, రెండో ప్రత్యేక సమావేశంలో హౌస్ బిల్ 8 పాసైంది. 2027-28 నుంచి స్టార్ స్థానంలో ఏడాది మొదట, మధ్యలో, చివర చిన్న చిన్న పరీక్షలు మూడు వస్తాయి, ఫలితాలు త్వరగా చేతికొస్తాయి. పిల్లవాడికి ఏం రాదో అక్టోబరులోనే తెలిస్తే మే నాటికి నేర్పవచ్చు, కాబట్టి ఇది మంచి మార్పే. పరీక్షకీ డిప్లొమాకీ ఉన్న ముడిని మాత్రం ఆ బిల్లు విప్పలేదు.

విప్పడానికి కొత్త ఆలోచన అక్కర్లేదు. 2017లో సెనేట్ బిల్ 463 అని ఒకటి వచ్చింది. 2011-12 కంటే ముందు తొమ్మిదిలో చేరి, క్లాసులన్నీ పూర్తిచేసి, టీమ్స్ దగ్గరో టాస్ దగ్గరో టాక్స్ దగ్గరో ఆగిపోయినవాళ్ళ కోసం అది. ఏళ్ళు గడిచి పెళ్ళిళ్ళు అయి, పిల్లలు కలిగి, ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళకి స్కూల్ డిస్ట్రిక్ట్ వేరే దారిలో డిప్లొమా ఇవ్వొచ్చంది. ఉద్యోగానుభవం, సైన్యంలో చేసిన సేవ లాంటివీ లెక్కలోకి తీసుకోవచ్చంది. నడివయసు మనిషి చదువుని పరీక్ష లేకుండా తూచడం రాష్ట్రానికి చేతనైంది కాబట్టి, పద్దెనిమిదేళ్ళ పిల్లకీ చేతనవ్వాలి. శాసనసభ మళ్ళీ 2027 జనవరిలో కూడుతుంది. ఆ బిల్లులోని తేదీని కొట్టేసి, అందరికీ వర్తిస్తుందని రాస్తే చాలు.